తరగతి గదిలో తెరకు హద్దు పెట్టడం ఎలా? ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించే టీచర్లకు సమగ్ర మార్గదర్శి

ఏడో తరగతికి గుండె పాఠం చెబుతున్న రోజది. గోడమీది డిజిటల్ ప్యానెల్‌లో కవాటాలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఒకవైపు ఎర్రరంగు, మరోవైపు నీలిరంగు పారుతున్నాయి. పిల్లలు కళ్లార్పకుండా చూశారు. పాఠం బాగా సాగిందన్న తృప్తితో ఇంటికి వెళ్లాను. మర్నాడు తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, గుండె బొమ్మ గీసి రక్తం ఎటునుంచి ఎటు పోతుందో బాణాలు వేయమన్నాను. చాలామంది పేకముక్క మీద ఉండే ఆఠీను గుర్తు లాంటిది గీసి ఆగిపోయారు. "నిన్న వీడియోలో చూశాం సార్, ఇప్పుడు గుర్తు రావడం లేదు" అంది ముందు బెంచీలోని పిల్ల. ఆ పిల్ల తరగతిలో అందరికంటే శ్రద్ధగా వినేది. తప్పు ఆమెది కాదని, నేను పాఠం నడిపిన తీరుదని ఆ కాగితాలు దిద్దుతుంటే అర్థమైంది.

ఆ తర్వాత మా ఉన్నత పాఠశాలలోను, అదే ఆవరణలో ఉన్న ప్రాథమిక పాఠశాలలోను ప్యానెల్, టీవీ, ట్యాబ్ వంటి తెరల వాడకాన్ని ఒక పద్ధతిలోకి తెచ్చుకున్నాం. ఆ పద్ధతినే ఇక్కడ అడుగడుగునా రాస్తున్నాను. తెరలను బయట పారేయమని నేను చెప్పడం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వసతులు మెరుగుపరిచే 'నాడు-నేడు' పథకం కింద ఆరో తరగతి నుంచి పైతరగతులకు డిజిటల్ ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022, 2023 డిసెంబరు నెలల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు లక్షల సంఖ్యలో ట్యాబ్‌లు పంచారు. ప్రజల సొమ్ముతో వచ్చిన వస్తువులవి. ప్రతి నిమిషం ఎందుకు వాడుతున్నామో తెలిసి వాడాలన్నదే నా పట్టుదల.

హద్దు ఎందుకో ముందు మనకు స్పష్టంగా తెలియాలి

సహోపాధ్యాయులను, తల్లిదండ్రులను ఒప్పించాలంటే "ఫోన్లు పిల్లలను చెడగొడుతున్నాయి" అన్న మాట సరిపోదు. చేతిలో కొన్ని గట్టి విషయాలు ఉండాలి.

పెరూ దేశం 2000ల చివర్లో 'పిల్లకో ల్యాప్‌టాప్' పథకంలో లక్షల యంత్రాలు పంచింది. అంతర్ అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 319 గ్రామీణ బడులను పరిశీలించి 2012లో ఫలితాలు వెల్లడించారు. గణితంలోనూ భాషలోనూ పిల్లల మార్కులు పెరిగిన జాడ వారికి కనిపించలేదు. చిన్నపిల్లల బడులను కూడా డిజిటల్ చేయాలని ఉత్సాహపడిన స్వీడన్ 2023లో వెనక్కి తిరిగి, అచ్చు పుస్తకాలు కొనడానికి 68.5 కోట్ల క్రోనాలు కేటాయించింది. 2022లో పలు దేశాల్లో జరిగిన పీసా అనే అంతర్జాతీయ పరీక్షలు రాసిన పదిహేనేళ్ల పిల్లల్లో, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాల సగటున 65 శాతం మంది కొన్ని గణితం క్లాసుల్లోనైనా డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదురుతోందని స్వయంగా చెప్పారు. 54 అధ్యయనాలను, లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, సమాచార పాఠాలు చదివేటప్పుడు తెర మీదకన్నా కాగితం మీద బాగా అర్థమవుతోందని తేలింది. సమయం తక్కువగా ఇచ్చినప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. మన పిల్లలు పరీక్షలు రాసేది సరిగ్గా అలాంటి పరిస్థితిలోనే.

ఇక నిమిషాల సంగతి. కరోనా కాలంలో, 2020 జులైలో కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞాత' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆన్‌లైన్ పాఠం రోజుకు రెండు విడతలు మించకూడదని, ఒక్కో విడత 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని అందులో ఉంది. బళ్లు మూతపడి, వేరే దారే లేని రోజుల్లో పెట్టిన గరిష్ఠ హద్దు అది. బడి తెరిచి ఉండి, టీచరు ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు మన లెక్క అందులో సగం కూడా కాకూడదు.

1. వారం రోజులు ఏమీ మార్చకుండా లెక్క రాయండి

ఎక్కువమంది ఈ అడుగు వదిలేసి నేరుగా నిబంధనలు పెడతారు. పది రోజుల్లో ఆ నిబంధనలు గాలికి పోతాయి. ముందు ఒక నోటుబుక్కు తీసుకోండి. గీతలు గీసి అయిదు గడులు చేయండి: తేదీ, పీరియడ్, తెర వెలిగిన సమయం, ఆరిన సమయం, ఎందుకు. ప్రతి తరగతిలో ఈ పుస్తకం రాసే పని ఒక విద్యార్థికి అప్పగించండి. పిల్లలు గడియారం విషయంలో మనకన్నా నిక్కచ్చిగా ఉంటారు.

మా ఎనిమిదో తరగతి పుస్తకంలో మొదటి వారమే కళ్లు తెరిపించే సంగతి ఒకటి బయటపడింది. ట్యాబ్‌లు తెచ్చి పంచడం, ఛార్జింగ్ లేనివి పక్కన పెట్టడం, పాస్‌వర్డ్ మరిచిపోయినవారికి సాయపడటం, పాఠం దొరికేదాకా ఆగడం, ఇవన్నీ అయ్యేసరికి ఒక పీరియడ్‌లో మూడోవంతు గడిచిపోయింది. ప్రాథమిక బడిలో ఇంకో సంగతి తేలింది. మధ్యాహ్న భోజనం తర్వాత టీవీ ఎందుకు వెలిగిందో రాయవలసిన గడిలో మూడు రోజులు "టీచర్ రికార్డు రాస్తున్నారు" అని ఉంది. రాసింది అయిదో తరగతి పిల్లవాడు. వాడు నిజమే రాశాడు. ఆ టీచరును ఎవరూ తప్పుపట్టలేదు, తప్పుపట్టకూడదు కూడా. ఈ లెక్క మనుషులను పట్టుకోవడానికి కాదని మొదటి రోజే అందరికీ చెప్పండి. లేకపోతే పుస్తకంలోకి అబద్ధాలు వస్తాయి, ఈ పనంతా వ్యర్థమవుతుంది.

2. రాసినదాన్ని నాలుగు కుప్పలు చేయండి

వారం చివర అందరూ కూర్చుని ఒక్కో పద్దునూ ఈ నాలుగింట్లో ఏదో ఒకదానిలో వేయండి.

తెర మాత్రమే చూపగలిగేవి మొదటి కుప్ప: గుండె కవాటాల కదలిక, అగ్నిపర్వతం పేలడం, సూక్ష్మజీవులు, మన ఊళ్లో వినిపించని ఇంగ్లిషు ఉచ్చారణ. నల్లబల్ల, పుస్తకం, చెయ్యి ఇంకా బాగా చేయగలిగేవి రెండో కుప్ప: భిన్నాలు, గుణింతాలు, పద్యం, పటాలు గీయడం, ప్రశ్నలకు జవాబులు. మన తీరిక కోసం వెలిగించినవి మూడోది. పైనుంచి అడిగారని వెలిగించినవి నాలుగోది.

మొదటి కుప్పను ఉంచండి. రెండోదాన్ని పూర్తిగా తీసేయండి. మూడో కుప్ప దగ్గర నిజాయితీగా ఆగండి. ఆ టీచరుకు రికార్డులు రాయడానికి వేరే సమయం దొరికితేనే ఆ టీవీ ఆరుతుంది. మా దగ్గర ప్రధానోపాధ్యాయురాలు తన పీరియడ్‌లలో రెండింటిని ఆ తరగతికి ఇచ్చారు. నాలుగో కుప్ప గురించి కింద చెబుతాను.

3. తరగతివారీగా హద్దు రాసి గోడకు అంటించండి

మేము పెట్టుకున్న హద్దులివి. మీ బడికి తగినట్టు తగ్గించుకోండి, పెంచకండి.

ఒకటి, రెండు తరగతుల పిల్లల చేతికి ఏ పరికరమూ ఇవ్వం. టీవీ వారానికి రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. పాటో, జంతువుల అరుపులో, కథో వినిపిస్తాం. ఆ వయసులో వేళ్లకు కావలసింది బలపం, ఇసుక, మట్టి, చింతపిక్కలు.

మూడు నుంచి అయిదు వరకు వారంలో మూడు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు దాటకుండా అందరూ కలిసి చూసే తెర.

ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు రెండు పీరియడ్‌లలోనే ప్యానెల్ వెలగాలి, ఒక్కోదానిలో పది పన్నెండు నిమిషాలకు మించకూడదు. ట్యాబ్ వారానికి రెండు పీరియడ్‌లు, అదీ ఇద్దరికి ఒకటి. ఇద్దరికి ఒకటి అన్నది పరికరాలు చాలక కాదు. పక్కన ఇంకొకరు ఉంటే "నువ్వెందుకు అది నొక్కావు?" అన్న మాట పుడుతుంది. ఆ మాటలోనే చదువు జరుగుతుంది. ఒంటరిగా కూర్చున్న పిల్లవాడు సమాధానం తప్పయితే ఇంకోటి నొక్కి ముందుకు పోతాడు.

ఆ రెండు ట్యాబ్ పీరియడ్‌లను టైంటేబుల్‌లోనే రాయండి. ఎప్పుడైనా తీయవచ్చంటే ఎప్పుడూ తీస్తారు.

4. పాఠంలో తెర స్థానం మార్చండి

ఇదే ఈ పద్ధతికి ఆయువుపట్టు. దీనికి ఎక్కువ చోటిస్తున్నాను.

గుండె పాఠాన్ని మరుసటి ఏడాది ఇలా చెప్పాను. మొదటి పీరియడ్‌లో ప్యానెల్ జోలికే పోలేదు. పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి, ఒకరి మణికట్టు ఇంకొకరు పట్టుకుని నాడి లెక్కపెట్టమన్నాను. నిమిషానికి 78, 84, 90 అని రాసుకున్నారు. తర్వాత ఆవరణ చుట్టూ ఒకసారి పరుగెత్తించి మళ్లీ లెక్కపెట్టించాను. "సార్, నాది నూట ముప్పై అయింది, ఏమీ కాదు కదా?" అని ఒకడు భయపడ్డాడు. ఆ భయంలోంచే ప్రశ్న వచ్చింది: ఎందుకు పెరిగింది? తర్వాత నూనె పోసే చిన్న గరాటుకు రబ్బరు గొట్టం తొడిగి, గరాటు మూతికి బుడగ రబ్బరు లాగి కట్టాం. గొట్టం చెవి దగ్గర పెట్టుకుని, గరాటును పక్కవాడి ఛాతీ మీద ఆనించి విన్నారు. 'లబ్ డబ్' అన్న ఆ చప్పుడు మొదటిసారి విన్న పిల్ల ముఖం నేను మరిచిపోలేను. గది మొత్తం ఊపిరి బిగబట్టి తన వంతు కోసం ఎదురుచూసింది.

రెండో పీరియడ్‌లో నల్లబల్ల మీద ఒకే ప్రశ్న రాశాను: "లబ్ అన్న చప్పుడు ఏ తలుపు మూసుకుంటే వస్తుంది?" అప్పుడు ప్యానెల్ వెలిగించి, నాలుగు నిమిషాల బొమ్మను శబ్దం తీసేసి చూపాను. మధ్యలో రెండుసార్లు ఆపి "ఇప్పుడు ఏమవుతుంది?" అని అడిగాను. మాట లేకపోవడంతో వాళ్లే మాట్లాడారు. తర్వాత ప్యానెల్ ఆర్పి, మీద గుడ్డ కప్పి, కాగితాలు ఇచ్చాను. ఈసారి బొమ్మలు వంకరగా ఉన్నాయి గాని, చాలామంది బాణాలు సరిగా తిరిగాయి.

కాబట్టి ప్రతి పాఠానికీ ఈ వరుస పాటించండి. ముందు చేత్తో చేసే పని. తర్వాత నల్లబల్ల మీద ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి అయిదారు నిమిషాల తెర. వెంటనే తెర ఆర్పడం. చివర చూసింది గుర్తుతెచ్చుకుని గీయడం, రాయడం లేదా పక్కవారికి చెప్పడం. పాఠ్యప్రణాళికలో "ఈ తెర ఎందుకు?" అన్న ఒక గడి చేర్చండి. దానికి ఒక్క వాక్యంలో జవాబు రాయలేకపోతే ఆ రోజు వెలిగించకండి.

ప్యానెల్ మీద నోట్సు వేసి పిల్లల చేత ఎక్కించడం మాత్రం ఈరోజే మానేయండి. నల్లబల్ల మీద టీచరు రాస్తుంటే పిల్లలు అక్షరం వెంట అక్షరం, ఆలోచన వెంట ఆలోచన నడుస్తారు. తెర మీద పేజీ అంతా ఒక్కసారి ప్రత్యక్షమైతే అది కేవలం నకలు రాసే పని అవుతుంది.

5. గదిని సర్దండి

ట్యాబ్‌లన్నీ అంకెలు వేసి ఒకే బీరువాలో ఉంచండి. తాళం ఒకరి దగ్గరే ఉండాలి. ఛార్జింగ్ తరగతి గదిలో వద్దు. ట్యాబ్ పీరియడ్‌లో టీచరు గది వెనక నిలబడాలి, అప్పుడే అన్ని తెరలూ కనిపిస్తాయి. వాడని వేళ ప్యానెల్ మీద ముదురు రంగు గుడ్డ కప్పండి. నల్లగా మెరిసే తెర ఖాళీగా ఉన్నా పిల్లల చూపు అటే లాగుతుంది. గుడ్డ కప్పిన మొదటి వారమే ఆ తేడా మీకు తెలుస్తుంది.

6. ఖాళీ అయిన నిమిషాలను వెంటనే నింపండి

తెర తీసేసి ఆ చోటును వదిలేస్తే అల్లరి వస్తుంది, అల్లరికి తాళలేక వారంలో మళ్లీ తెర వస్తుంది. అందుకే ముందే మూడు పనులు సిద్ధం చేసుకోండి.

మొదటిది చదువుకునే వేళ. రోజూ ఇరవై నిమిషాలు, పాఠ్యపుస్తకం కాని పుస్తకం. గ్రంథాలయం బీరువా తాళం తీసి, పుస్తకాలను గదిలోనే తాడు కట్టి వేలాడదీయండి. చినిగితే అతికిద్దాం. చదవలేని పిల్లవాడి పక్కన చదవగలిగినవాణ్ణి కూర్చోబెట్టండి.

రెండోది చేతిరాత. ట్రాండ్‌హైమ్‌లోని నార్వే శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో 36 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులతో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. చేత్తో రాస్తున్నప్పుడు మెదడులోని వేర్వేరు భాగాల మధ్య కనిపించిన సంబంధం, కీబోర్డు నొక్కుతున్నప్పుడు కనిపించలేదు. తెలుగు రాసేవారికి ఇది మరింత ముఖ్యమని నా నమ్మకం. ఒత్తులు, గుడులు, ఏత్వాలు చేతికి అలవాటు కావలసినవి. రోజూ అయిదు వాక్యాల ఉక్తలేఖనం, వారానికి ఒక పద్యం చూడకుండా రాయడం పెట్టండి.

మూడోది బయటి వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు చూశారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆ పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం పిల్లలకు హ్రస్వదృష్టి వస్తే, ఉన్న బడుల్లో 30.4 శాతం మందికి వచ్చింది. కొలతల పాఠాన్ని ఆవరణలోనే చెప్పండి. చెట్టు నీడ కొలవడం, అడుగులతో వైశాల్యం లెక్కించడం పిల్లలు ఇష్టంగా చేస్తారు.

7. మినహాయింపులను స్పష్టంగా రాయండి

చూపు తక్కువగా ఉన్న పిల్లకు అక్షరాలు పెద్దవి చేసే ట్యాబ్, వినికిడి లోపం ఉన్నవాడికి మాటలు అక్షరాల్లో వచ్చే వీడియో, చదవడంలో ఇబ్బంది ఉన్నవారికి పాఠం చదివి వినిపించే సదుపాయం, వీటిని ఏ హద్దులోనూ లెక్కించకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అవి వారికి అందవలసిన సాయం. మిగతా పిల్లలకు కారణం మామూలుగా చెప్పండి, కళ్లజోడు గురించి చెప్పినట్టే. వాళ్లు అర్థం చేసుకుంటారు.

ఏకోపాధ్యాయ బడుల కష్టం నాకు తెలుసు. అయిదు తరగతులకు ఒక్కరే ఉన్నచోట టీవీ రెండో టీచరులా తోస్తుంది. అక్కడ ఈ ఏర్పాటు ప్రయత్నించండి: ఒక గుంపుకు మీ బోధన, ఒక గుంపుకు పలక మీద రాత, ఒక గుంపుకు పెద్ద పిల్లవాడి నాయకత్వంలో చదువు. ఇరవై నిమిషాలకు ఒకసారి గుంపులు మారాలి. రాత గుంపు కోసం అట్టముక్కల మీద లెక్కలు, పదాలు రాసి ఒక పెట్టెలో ఉంచితే ఏడాదంతా పనికొస్తాయి. మొదట్లో శ్రమే. నెల తిరిగేసరికి పిల్లలే గుంపులు మార్చుకుంటారు.

8. మన ఫోను కూడా లెక్కలోకి రావాలి

2023లో ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ బడుల్లోకి పిల్లలు ఫోను తేవడాన్ని నిషేధించి, తరగతి గదిలో టీచర్లు వాడటాన్నీ కట్టడి చేసింది. అదే ఫోనులో హాజరు, భోజనం ఫోటోలు పంపడం వంటి బాధ్యతలూ టీచర్లకు ఉన్నాయి. వీటి మధ్య నలిగిపోకుండా ఒక దారి ఉంది. ఫోటోలు, నమోదులు అన్నీ ఉదయం ప్రార్థనకు ముందు ఒకసారి, భోజన విరామంలో ఒకసారి, తరగతి గది బయటే ముగించండి. మిగతా సమయం ఫోను ప్రధానోపాధ్యాయుల బల్ల మీద. పిల్లలకు చెప్పింది మనం చేయకపోతే వాళ్లు ఒక్క రోజులో పట్టేస్తారు.

ఇక నాలుగో కుప్ప. తనిఖీకి వచ్చినవారు "ప్యానెల్ ఎన్ని గంటలు వాడారు?" అని అడిగితే భయపడి వెలిగించి ఉంచకండి. మొదటి అడుగులో మొదలుపెట్టిన పుస్తకం చూపండి. ఏ పాఠానికి, ఎన్ని నిమిషాలు, ఎందుకు అన్నది తేదీలతో ఉంటుంది. పక్కనే పిల్లలు గీసిన బొమ్మలు పెట్టండి. మా దగ్గరికి వచ్చిన అధికారి ఆ బొమ్మల ముందు చాలాసేపు ఆగారు.

9. తల్లిదండ్రులతో కూర్చోండి

పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో ఈ విషయాన్నే మొదటి అంశంగా పెట్టి, తీర్మానం రాయించండి. "డబ్బు కట్టే బడుల్లో అన్నీ ట్యాబ్‌లోనే చెబుతున్నారు, మా పిల్లలకు మీరు తగ్గిస్తున్నారా?" అని ఒక తల్లి నన్ను నిలదీసింది. చాలా న్యాయమైన ప్రశ్న. తన బిడ్డ వెనకబడుతుందేమోనన్న బెంగ అది. ఆమెకు ఆమె కూతురి రెండు కాగితాలు చూపించాను, పాత గుండె బొమ్మ, కొత్త గుండె బొమ్మ. ఆమె చదువుకోలేదు, అయినా తేడా వేలు పెట్టి చూపింది.

ఒక మార్పు మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఇంటిపనిని వాట్సప్‌లో పంపడం ఆపండి. ఇంటిపని ఫోనులో ఉందంటే పిల్లవాడు ఫోను అడగడానికి మనమే కారణం ఇచ్చినట్టు. డైరీలో చేత్తో రాయించండి. ఎనిమిదో తరగతి ట్యాబ్ ఇంటికి వెళ్తుంటే, రోజుకు అరగంట, పెద్దవాళ్లు ఉన్న గదిలో, పడుకునే గంట ముందు వరకే అని ఒక కాగితం మీద రాసి ఇంటివారి చేత సంతకమో వేలిముద్రో పెట్టించండి.

10. మూడు నెలలకు కొలిచి చూడండి

మొదలుపెట్టే రోజే ప్రతి పిల్లవాడి చేత మూడు పనులు చేయించి దాచండి: తెలియని పేజీ ఒకటి పైకి చదవడం, పది వాక్యాల ఉక్తలేఖనం, చూసిన ఒక విషయం గురించి సొంత మాటల్లో పేజీ రాయడం. మూడు నెలల తర్వాత ఇవే మళ్లీ పెట్టండి. మొదటి రెండు వారాలు పిల్లలు విసుక్కుంటారు, "వీడియో పెట్టండి సార్" అని రోజూ అడుగుతారు. అది తగ్గడానికి మా దగ్గర నెల పట్టింది. ఎక్కడ మెరుగు కనిపించలేదో అక్కడ తెర నిమిషాలను కాదు, దాని బదులు పెట్టిన పనిని మార్చండి.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో లెక్క మొదలుపెడితే దసరా సెలవులకు ముందు మొదటి కొలత చేతికొస్తుంది, సంక్రాంతి తర్వాత హద్దులను సవరించుకోవచ్చు. ఈ ఏడాది మా ఏడో తరగతి లెక్క పుస్తకం ఆ ముందు బెంచీ పిల్ల చెల్లెలి దగ్గర ఉంది. నేను ప్యానెల్ మీది గుడ్డ తీస్తే చాలు, గడియారం వైపు చూసి సమయం రాసుకుంటుంది.